జంపర్ కేబుల్: పెట్టె మీది ఆంపియర్లు కాదు, లోపలి రాగి చూడండి

మీరు అడిగింది ఇది. కోతల రోజుల్లో తెల్లవారుజామున ట్రాక్టర్ బ్యాటరీ దిగిపోయింది. మీ 2.2 లీటర్ల డీజిల్ బండిని పక్కన నిలిపి, పెట్టె మీద ‘1000 ఆంపియర్లు’ అని అచ్చు వేసిన జంపర్ కేబుళ్లతో రెండింటినీ కలిపారు. సెల్ఫ్ టక్ టక్ మని కొట్టుకుని ఆగిపోయింది. మూడోసారి తాళం తిప్పేసరికి కేబుల్ చేత్తో పట్టుకోలేనంత వేడెక్కింది, క్లిప్పు దగ్గర తొడుగు మెత్తబడి పొగ వచ్చింది. ఇంతకంటే పెద్ద నంబరు ఉన్నది కొనాలా, సొంతంగా చేయించుకోవాలా అని అడిగారు.

చేయించుకోండి. ఇరవై ఆరేళ్లుగా లారీలు, ట్రాక్టర్లు, కార్ల వైరింగ్ పని చేస్తున్నాను. పెట్టె మీది నంబరును నమ్మి మోసపోయినవాళ్లను నెలకు ఒకరినైనా చూస్తాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

1000 ఆంపియర్లు ఎన్ని సెకన్ల పాటు? దారిలో ఎన్ని వోల్టులు పోగొట్టుకుని? ఈ రెండూ చెప్పకుండా ఆంపియర్లు చెప్పడం, ఎంత లోతో చెప్పకుండా బోరులో నీళ్లున్నాయని చెప్పడమే. జర్మనీవాళ్ల జంపర్ కేబుల్ ప్రమాణం డిన్ 72553లో రకాల పేర్లే 16, 25, 35 అని ఉంటాయి. అవి ఆంపియర్లు కావు, కేబుల్‌ను అడ్డంగా కోస్తే కనిపించే రాగి వైశాల్యం ఎన్ని చదరపు మిల్లీమీటర్లో చెప్పే అంకెలు. మన దుకాణాల్లో ‘స్క్వేర్ ఎంఎం’ అంటారు. మీరు అడగవలసిన అంకె అదొక్కటే.

మీ కేబుల్ లాంటిదే ఒకటి నా దగ్గరకు వస్తే నిలువునా కోసి చూశాను. బయటికి బొటనవేలి లావు ఉంది. తొడుగు చీలిస్తే అందులో ఎక్కువ భాగం ప్లాస్టిక్కే. పోగులన్నీ కలిపి మెలితిప్పితే అగ్గిపుల్ల కంటే కొంచెం లావు, అంటే మహా అయితే 6 చదరపు మి.మీ. ఒక పోగును బ్లేడుతో గీకాను. పైన రాగి రంగు, లోపల తెల్లగా వెండిలా మెరిసింది. అది రాగి పూత పూసిన అల్యూమినియం. అసలు రాగి మోసే కరెంటులో దాదాపు మూడింట రెండు వంతులే మోస్తుంది. పైగా నాలుగుసార్లు వంచితే విరుగుతుంది, తడి తగిలితే తెల్లటి పొడిగా మారుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. అలాంటి తీగ మీటరుకు సుమారు 4.4 మిల్లీఓమ్‌ల నిరోధం ఇస్తుంది. 3 మీటర్ల జత అంటే కరెంటు వెళ్లడానికి 3, తిరిగి రావడానికి 3, మొత్తం 6 మీటర్లు. ఇక్కడే చాలామంది సగం లెక్కతో ఆగిపోతారు. 6 మీటర్లకు 26 మిల్లీఓమ్‌లు. ట్రాక్టర్ సెల్ఫ్ 200 ఆంపియర్లు లాగిందనుకుంటే, దారిలోనే 5 వోల్టులకు పైగా పోతాయి. మీ బండి ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 14 వోల్టుల దాకా కనిపిస్తాయి గానీ, అంత బరువు పడగానే 12 దగ్గరికి దిగుతాయి. అందులో 5 పోతే సెల్ఫ్‌కు చేరేవి ఏడే. దిగిపోయిన బ్యాటరీ నుంచి సాయం రాదు. టక్ టక్ అన్న చప్పుడుకు కారణం ఇదే. సోలినాయిడ్, అంటే సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్చు, లోపలికి గుంజుకోవడానికి తక్కువ కరెంటు చాలు కాబట్టి గుంజుకుంటుంది. మోటారు అసలు కరెంటు అడగగానే వోల్టులు పడిపోయి వదిలేస్తుంది. వదలగానే వోల్టులు మళ్లీ లేస్తాయి, మళ్లీ గుంజుకుంటుంది.

మరి ఆ పోయిన 5 వోల్టులు ఏమయ్యాయి? 200 ఆంపియర్ల దగ్గర అవి 1000 వాట్ల పైచిలుకు వేడి. ఇంట్లో ఇస్త్రీ పెట్టె ఎంత వేడి పుట్టిస్తుందో అంత వేడి ఆ సన్నటి తీగలో పుట్టింది. పొగ రాక ఏం చేస్తుంది?

రాగి అయితే ఎంతో చూడండి. మెత్తగా వంగే రాగి కేబుల్‌కు మీటరుకు నిరోధం 16 చ.మి.మీ.లో 1.2 మిల్లీఓమ్‌లు, 25లో 0.78, 35లో 0.55, 50లో 0.39. అదే 6 మీటర్లకు 35 వేస్తే 3.3 మిల్లీఓమ్‌లు, 200 ఆంపియర్ల దగ్గర నష్టం 0.7 వోల్టులకు లోపే. ఇస్త్రీ పెట్టె కాస్తా పాతకాలపు పెద్ద బల్బు అంతకు దిగింది.

చిన్న పెట్రోలు కారుకు 3 మీటర్ల 16 సరిపోతుంది, 25 ఉంటే నిశ్చింత. డీజిల్ కారుకు 35 పెట్టండి. మీకు ట్రాక్టర్ కూడా ఉంది, దాని బ్యాటరీ ఎక్కడో లోపల ఉంటుంది, పొలంలో రెండు బండ్లనూ ముక్కుకు ముక్కు ఆనించి నిలపడం కుదరదు. కాబట్టి 4 మీటర్లు కావాలి. పొడవు పెరిగిన కొద్దీ లావు పెరగాలి. 4 మీటర్ల జతలో 35 వేస్తే 300 ఆంపియర్ల దగ్గర 1.3 వోల్టులు పోతాయి, 50 వేస్తే 0.9. నేనైతే 50 వేస్తాను. డబ్బు సర్దుబాటు కాకపోతే 35, అంతకు కిందికి మాత్రం వద్దు. లావు తగ్గించి పొడవు పెంచారా, అవి పొగ వచ్చిన మీ కేబుళ్ల తోబుట్టువులే.

రెడీమేడ్‌వే కొంటానంటే ఒక చిన్న కిటుకు చెబుతాను: తూకం వేయించండి. రాగి బరువు అబద్ధం చెప్పదు. 35 చ.మి.మీ. రాగి మీటరుకు సుమారు 314 గ్రాములు తూగుతుంది. 3 మీటర్ల జతలో 6 మీటర్లు ఉంటాయి కాబట్టి రాగి ఒక్కటే 1.9 కిలోలు. తొడుగు, క్లిప్పులు అదనం. ‘35’ అని చెప్పి పెట్టెతో సహా కిలోంబావు తూగితే దుకాణదారుకు నమస్కారం పెట్టి వచ్చేయండి. క్లిప్పుల దగ్గరకు అయస్కాంతం పట్టుకెళ్లండి. రాగి రంగులో మెరిసే క్లిప్పుకు అయస్కాంతం అతుక్కుంటే అది పూత పూసిన ఇనుప రేకు.

అసలు చాలామంది పట్టించుకోనిది ఈ క్లిప్పే. ఎంత లావు కేబుల్ కొన్నా, క్లిప్పు దగ్గర కరెంటు సన్నటి సందులోంచి దూరవలసి వస్తే ఆ లావంతా వృథా. మామూలు క్లిప్పుకు రెండు దవడలు ఉంటాయి, తీగను ఒక్క దవడకే బిగిస్తారు. రెండో దవడకు కరెంటు వెళ్లాలంటే మధ్యలో ఉన్న మేకు, స్ప్రింగుల మీదుగా వెళ్లాలి. ఆ స్ప్రింగు ఉక్కుది. పైగా మేకు దగ్గర తుప్పు, మట్టి. అందుకే బ్యాటరీ ముంతను (పైకి పొడుచుకొచ్చిన సీసపు టెర్మినల్‌ను) రెండు పక్కలా పట్టుకున్నట్టు కనిపిస్తుంది గానీ కరెంటు ఒక పక్క నాలుగు పళ్ల మీదే నడుస్తుంది. ఆ పళ్లు కాలి నల్లబడతాయి. మీ తొడుగు సరిగ్గా అక్కడే మెత్తబడిందని రాశారు కదా, నాకు ఆశ్చర్యం కలగలేదు. మంచి క్లిప్పులో రెండు దవడలనూ కలుపుతూ అల్లిన రాగి పట్టీ ఉంటుంది. కొనేటప్పుడు దవడలు తెరిచి లోపలికి చూడండి. పట్టీ లేకపోతే మీరే వేయించవచ్చు.

మల్టీమీటర్ ఉన్నవాళ్లు దీన్ని కళ్లతో చూడవచ్చు. ఒక మొన బ్యాటరీ ముంత సీసం మీద గుచ్చండి, రెండోది క్లిప్పు వెనక కేబుల్ లగ్గు (తీగ చివర బిగించే లోహపు గొట్టం) మీద పెట్టండి. మరొకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.1 వోల్టు దాకా ఉంటే బాగున్నట్టు. అర వోల్టు కనిపించిందా, ఆ క్లిప్పులో గానీ ముంత మీది మురికిలో గానీ మీ కరెంటు ఆగిపోతోంది. అలాంటివి నాలుగు అతుకులు ఉన్నాయని మరిచిపోవద్దు, రెండు చివర్లా రెండేసి. అర వోల్టు చొప్పున నాలుగు చోట్ల పోతే మొత్తం 2 వోల్టులు. 50 చ.మి.మీ. కేబుల్ వేసుకున్నవాడు కూడా అప్పుడు నెత్తిన చేతులు పెట్టుకోవలసిందే. ముంత మీద తెల్లగా, నీలంగా పొంగిన పొడిని వంటసోడా కలిపిన వేడి నీళ్లతో కడిగి, గరుకు కాగితంతో సీసం మెరిసేదాకా రుద్దండి. క్లిప్పు పెట్టాక అటూ ఇటూ ఒకసారి తిప్పితే పళ్లు సీసంలోకి దిగుతాయి.

ఇక చేయించుకునే పద్ధతి. వెల్డింగ్ కేబుల్ కొనండి. హైదరాబాద్ రాణిగంజ్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో, ఏ జిల్లా కేంద్రంలోనైనా వెల్డింగ్ సామాన్ల దుకాణంలో మీటర్ల లెక్కన కోసి ఇస్తారు. తొడుగు మీద ఐఎస్ 9857 అని అచ్చు ఉండాలి, అది మన దేశంలో వెల్డింగ్ కేబుళ్ల ప్రమాణం. ఈ కేబుల్‌లో వెంట్రుకల్లాంటి సన్నని పోగులు ఉంటాయి. 0.2 మి.మీ. పోగులైతే 35 చ.మి.మీ.లో సుమారు 1100 ఉంటాయి. అందుకే తాడులా వంగుతుంది, చలికాలం తెల్లవారుజామున కూడా కర్రలా బిగుసుకోదు. తొడుగు రబ్బరు కాబట్టి నూనె, వేడి తగిలినా ఓర్చుకుంటుంది. ఒక్క జాగ్రత్త: వెల్డింగ్ కేబుల్‌లో అల్యూమినియంది కూడా అమ్ముతారు. ‘కాపర్’ అని నోరు విడిచి అడగండి, కోసిన చివర బ్లేడుతో గీకి చూడండి, ఆ తర్వాతే డబ్బు ఇవ్వండి. ఇంటి వైరింగ్ తీగలు ఐదారు కలిపి మెలితిప్పి పనికానిద్దామనే ఆలోచన మానుకోండి. లావుగా, బరువుగా, బిరుసుగా తయారై ఏడాదిలో క్లిప్పు మెడ దగ్గర విరుగుతాయి.

మీకు 50 చ.మి.మీ. కేబుల్ 8 మీటర్లు కావాలి, తీసుకునేటప్పుడు మరో పావు మీటరు కలుపుకోండి. నాలుగు లగ్గులు కావాలి, కొందరు థింబుల్ అంటారు. తగరం పూత ఉన్న రాగి లగ్గులే తీసుకోండి. అల్యూమినియం లగ్గును రాగి కేబుల్‌కు వేస్తే తేమకు రెండింటి మధ్యా తుప్పు పుట్టి అతుకు చచ్చిపోతుంది. క్లిప్పులకు ఇత్తడి పోతతో చేసిన వెల్డింగ్ ఎర్త్ క్లాంపులు వాడవచ్చు. బరువుగా ఉంటాయి, స్ప్రింగు గట్టిగా ఉంటుంది, లగ్గు బిగించడానికి బోల్టు ఉంటుంది. దవడ మీ బ్యాటరీ ముంతను పట్టేంత లోతుగా ఉందో లేదో మాత్రం కొనే ముందే చూసుకోండి.

రబ్బరును లగ్గు గొట్టం పొడవుకు సరిపడా చుట్టూ గాటు పెట్టి లాగేయాలి. కత్తి పోగులకు తగలకూడదు. గాటు పెట్టేటప్పుడు రబ్బరులో ముప్పాతిక లోతు వరకే వెళ్లి, మిగిలింది వంచి చీల్చితే పోగులు క్షేమంగా ఉంటాయి. రబ్బరుకూ రాగికీ మధ్య పలుచని కాగితం పొర ఉంటే దాన్ని తీసేయండి. అన్ని పోగులూ లగ్గులోకి వెళ్లాలి. పట్టడం లేదని నాలుగు కత్తిరించే అలవాటు ఉన్న మేస్త్రీ దగ్గర ఈ పని చేయించకండి. ఆ తర్వాత హైడ్రాలిక్ క్రింపింగ్ యంత్రంలో 50 నంబరు అచ్చు పెట్టి రెండు చోట్ల నొక్కాలి. సరిగ్గా నొక్కిన లగ్గును కోసి చూస్తే పోగులు విడివిడిగా కనిపించవు, రాగి ముద్దలా కనిపిస్తుంది. సుత్తి, ఉలితో కొట్టి చదును చేసినది బయటికి గట్టిగా కనిపించినా లోపల సందులు మిగులుతాయి. పెద్ద పట్టణాల్లో మోటారు వైండింగ్ దుకాణాల్లోనూ, ప్యానెల్ బోర్డులు చేసేచోట్లా ఈ యంత్రం ఉంటుంది. నాలుగు లగ్గులు నొక్కడానికి పెద్దగా తీసుకోరు.

టంకం సంగతి. ఒట్టి టంకంతో లగ్గు అతకవద్దు. మామూలు తగరం, సీసం టంకం 190 డిగ్రీల లోపే కరుగుతుంది. క్లిప్పు దగ్గర వేడి పుట్టినప్పుడు అతుకు ఊడి, కాలే లోహం బ్యాటరీ మీద పడుతుంది. పైగా టంకం పోగుల్లోకి పాకి కేబుల్‌ను మెడ దగ్గర బిరుసు చేస్తుంది, అక్కడే విరుగుతుంది. నొక్కుడే అసలు పని. దాని మీద లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ గొట్టం (వేడి చేస్తే ముడుచుకునేది) వేసి, రబ్బరు మీదికి రెండు అంగుళాలు వచ్చేలా బిగిస్తే నీళ్లు వెళ్లవు, మెడకూ ఊతం ఉంటుంది. చల్లారాక కేబుల్‌ను కాలితో తొక్కిపట్టి లగ్గును బలంకొద్దీ లాగండి. కదలకూడదు.

వెల్డింగ్ కేబుళ్లు తరచూ రెండూ ఒకే రంగులో దొరుకుతాయి. ఒకదానికి రెండు చివర్లా జానెడేసి ఎర్ర గొట్టం వేయండి. చీకట్లో ఎరుపు, నలుపు ఒకేలా కనిపిస్తాయి కాబట్టి నేను ప్లస్ కేబుల్ మెడకు దారం చుట్టి బుడిపెలా చేస్తాను, వేలికి తెలుస్తుంది. ఎర్త్ క్లాంపు పిడులు ఒట్టి లోహం. ప్లస్ వైపు క్లాంపు జారి బోనెట్ కింద ఇనుముకు తగిలితే ఆ మెరుపు జీవితంలో మరిచిపోరు. పాత సైకిల్ ట్యూబు ముక్కలు పిడులకు తొడిగి పైన టేపు చుట్టండి. ఇది తప్పనిసరి.

కలిపే వరస మీకు తెలుసని రాశారు, అయినా చెబుతాను, ఎందుకంటే దీనివల్ల దెబ్బతిన్నవాళ్లను చూశాను. ముందు ఎర్ర క్లిప్పు దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కు, తర్వాత దాని రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కు. చివరి నల్ల క్లిప్పు దిగిపోయిన బ్యాటరీకి పెట్టకూడదు. దానికి దూరంగా, ఆగిపోయిన బండి ఇంజిన్ మీద రంగు వేయని గట్టి ఇనుముకు పెట్టాలి. చివరి అతుకు దగ్గర నిప్పురవ్వ రాక తప్పదు, బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తూ ఉంటుంది. గాలిలో 4 శాతం చేరితే చాలు, రవ్వకు అంటుకుంటుంది. మా షెడ్డులో ఒక కుర్రవాడు తొందరలో చివరి క్లిప్పు ముంతకే పెట్టాడు. తుపాకీ పేలినట్టు చప్పుడు. బ్యాటరీ పైమూత లేచి షెడ్డు రేకుకు తగిలింది, ఆమ్లం వాడి చొక్కా అంతా పడింది. కళ్లద్దాలు ఉన్నాయి కాబట్టి చూపు దక్కింది. బకెట్లకొద్దీ నీళ్లు పోసి ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఆ రోజు నుంచి కళ్లద్దాలు లేకుండా మా దగ్గర ఎవరూ జంపర్ ముట్టుకోరు. మీరూ పెట్టుకోండి, మామూలు పవర్ అద్దాలైనా సరే.

కలిపిన వెంటనే సెల్ఫ్ కొట్టవద్దు. మీ బండి ఇంజిన్‌ను కాస్త పెంచి పది నిమిషాలు నడవనిస్తే దిగిపోయిన బ్యాటరీలోకి కొంత చార్జి వెళుతుంది. అప్పుడు సెల్ఫ్ అడిగే కరెంటులో కొంత అదే ఇస్తుంది, కేబుల్ మీద బరువు తగ్గుతుంది. సెల్ఫ్ ఒకసారికి పది సెకన్లు మించకూడదు, మధ్యలో నిమిషం విరామం ఇవ్వండి. తీసేటప్పుడు వరస తలకిందులు: చివర పెట్టిన నల్లది ముందు తీయాలి. ప్లస్, మైనస్ తారుమారైతే రెండు బండ్ల ఆల్టర్నేటర్ డయోడ్లూ క్షణంలో పోతాయి, కొత్త బండిలో కంప్యూటర్ కూడా పోవచ్చు. కాబట్టి రంగును నమ్మకుండా బ్యాటరీ మీది గుర్తును టార్చి వేసి చూడండి.

లారీలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కలిపి 24 వోల్టులు చేస్తారు. కాబట్టి ఊళ్లో లారీ ఆగి ఉంది కదా అని దానితో ట్రాక్టర్‌ను కలపవద్దు. ఒక్క బ్యాటరీ మీద నుంచి తీసుకుంటానని ఎవరైనా ధైర్యం చెప్పినా వినకండి. ఏ బ్యాటరీ బాడీకి కలిసి ఉందో పొరబడితే కేబుల్ నేరుగా షార్టవుతుంది. హైబ్రిడ్, విద్యుత్ కార్ల నుంచి ఇంకో బండికి కరెంటు ఇచ్చే ముందు ఆ బండి పుస్తకం చదవాలి, చాలా కంపెనీలు వద్దనే రాస్తాయి.

మీ అబ్బాయి అమెరికాలో చలి ఎక్కువ ఉండే చోట ఉంటున్నాడని, అతనికీ ఇదే చెప్పాలా అని అడిగారు. అక్కడ లెక్క గేజ్‌లో ఉంటుంది, నంబరు తగ్గితే లావు పెరుగుతుంది. 8 గేజ్ అంటే దాదాపు 8 చ.మి.మీ., 4 గేజ్ అంటే 21, 2 గేజ్ అంటే 33. అతణ్ణి పూర్తి రాగి ఉన్న 2 గేజ్ కొనమనండి. ఇంకొక మాట: సీసీఏ అన్న అక్షరాలు అక్కడ రెండు చోట్ల కనిపిస్తాయి. బ్యాటరీ మీద ఉంటే సున్నాకు 18 డిగ్రీల కిందటి చలిలో అది 30 సెకన్ల పాటు ఇవ్వగల కరెంటు. కేబుల్ మీద ఉంటే రాగి పూత అల్యూమినియం. మొదటిది ఎక్కువ ఉండాలి, రెండోది అసలు ఉండకూడదు. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీలో ఆమ్లం పలచబడి గడ్డకట్టవచ్చు. బ్యాటరీ పక్కలు ఉబ్బి కనిపిస్తే జంపర్ పెట్టవద్దని చెప్పండి.

మీ పాత కేబుళ్లను వెంటనే పారేయనక్కరలేదు. మెత్తబడిన క్లిప్పు కోసేసి మరొకటి వేయించి, సెల్ఫ్ కొట్టడానికి కాకుండా చార్జి ఎక్కించడానికి మాత్రం వాడండి. అరగంట కలిపి ఉంచి, చేయి పెట్టి వేడి చూస్తూ ఉండండి. సెల్ఫ్ కొట్టే ముందు తీసేయండి.

కేబుల్ కొనడానికి బయలుదేరే ముందు ట్రాక్టర్ పక్కన మీ బండిని పొలంలో ఎలా నిలుపుతారో అలా నిలిపి, ఒక బ్యాటరీ నుంచి మరో బ్యాటరీకి తాడు పరిచి కొలవండి. తాడును గాలిలో బిగించి కాదు, బంపర్ల మీదుగా నేల దాకా వేలాడనిచ్చి కొలవండి. 4 మీటర్లు అని నేను అన్నది ఊహ. మీ తాడు మూడున్నరే చాలంటే, ఆ మిగిలిన డబ్బు మంచి క్లాంపులకు పెట్టండి.